ఫ్లై ఫిషింగ్ సామాను తేలిగ్గా మోయాలంటే: వెస్టా, స్లింగా, మెడలో తాడా?

ఏటిగట్టు:
ఫ్లైతో, అంటే ఈకలు, దారాలతో పురుగులా కట్టిన హుక్కుతో, వాగు వెంట పైకి నడుస్తూ చేపలు పట్టడం నా పద్ధతి. ఒక్కో మడుగులో కాసేపు వేసి ముందుకు పోతుంటాను. మధ్యాహ్నానికల్లా సామాను నింపిన జేబుల వెస్ట్ భుజాలు లాగేస్తోంది, వీపంతా చెమట. మార్చేద్దామనుకుంటున్నా. ఒక భుజానికి వేసుకునే స్లింగ్ ప్యాక్, ఛాతీ మీద ఉండే చెస్ట్ ప్యాక్, నడుముకు కట్టే హిప్ ప్యాక్, మెడలో వేసుకునే లాన్యార్డ్... వీటిలో ఏది నిజంగా తేలిక? "అన్నీ బాగానే ఉంటాయి, మీ ఇష్టం" అనే జవాబు మాత్రం వద్దండీ.

పాతవెస్టు:
వెస్ట్‌ని తిట్టే ముందు దాని జేబులన్నీ ఒకసారి దులపండి. 1930ల మొదట్లో అమెరికా ఫ్లై ఫిషింగ్ నిపుణుడు లీ వుల్ఫ్ జేబుల వెస్ట్ కుట్టాడు, ఇప్పటికీ జనం వదల్లేదంటే ఊరికే కాదు. బరువు రెండు భుజాల మీదా పడుతుంది. ఏ జేబులో ఏముందో చెయ్యికే తెలుసు. మునిమాపు వేళ చేపలు పైకి లేస్తుంటే తలవంచి సంచి వెతుక్కునేంత తీరిక ఉండదు. ఇబ్బందల్లా, జేబు కనిపిస్తే నింపకుండా ఉండలేం.

నడకపిచ్చి:
అందుకే జేబులే లేకుండా చేసుకోవాలన్నా. లాన్యార్డ్‌కి దారం కత్తిరించే నిప్పర్, హుక్ ఊడదీసే ఫోర్సెప్స్, ఫ్లై తేలడానికి రాసే ఫ్లోటెంట్, రెండు టిప్పెట్ (ఫ్లై కట్టే సన్నని కొస దారం) చుట్టలు. చొక్కా జేబులో ఒక ఫ్లై బాక్స్. అంతే, ఇంక సంచి మాటే లేదు. టెంకారా వాళ్ళని చూడండి. జపాన్ కొండవాగుల పద్ధతి అది. రీలే ఉండదు, లైన్‌ని రాడ్ కొసకే కట్టేస్తారు. వాళ్ళు వెస్ట్ లేకుండా పట్టగలిగితే మనకేం వచ్చింది?

పాతవెస్టు:
రీలు తీసేసి వాళ్ళు దూరం వదులుకున్నారు తమ్ముడూ. కట్టిన లైన్ ఎంతో అంతే, దాని అవతల చేప ఉంటే నడిచి దగ్గరికి వెళ్ళాల్సిందే. చిన్న వాగులో చెల్లుతుంది, వెడల్పాటి ఏటిలో ఏం చేస్తావు? పోనీ అది వదిలెయ్. నీ లాన్యార్డ్‌లో వాన కోటు ఎక్కడ పెడతావ్?

నడకపిచ్చి:
నడుముకి చుట్టుకుంటా. వానొచ్చేదాకా ఏ సంచిలో ఉంటే ఏంటి.

గాలివాటం:
లాన్యార్డ్ నేనూ వాడాను. వంగి చేపను వదిలేటప్పుడు మొత్తం సరంజామా వేలాడుతూ నెట్‌లో చిక్కుకుంటుంది. కింది కొసను చొక్కాకి క్లిప్ పెట్టుకోవాలి. పొదల్లోంచి దూరేవాళ్ళయితే, గట్టిగా లాగితే ఊడిపోయే కొక్కెం ఉన్నదే తీసుకోండి, మెడకి బిగుసుకుంటే ఆట కాదు.

మోకాలిలోతు:
ఏటిగట్టు గారూ, మీరు నీళ్ళలో ఎంత లోతుకు దిగుతారో చెప్పకుండానే అందరూ కొట్టుకుంటున్నారు. అది తేలకుండా సంచి తేలదు.

మోకాలి వరకే అయితే హిప్ ప్యాక్‌కి సాటి లేదు. బరువు తుంటి మీద కూర్చుంటుంది, భుజాలు స్వేచ్ఛగా ఆడతాయి, వీపుకి గాలి తగులుతుంది. నడుము లోతుకి దిగారా, అదే సంచి నీళ్ళు తాగుతుంది. తడిసిన బాక్స్‌ని మూసి మర్చిపోతే హుక్కులు తుప్పు పడతాయి. నీళ్ళు దూరని రకాలున్నాయి కానీ వాటి గుడ్డ మందం, జిప్పు బిగుసు. తేలిక కోసం కొని బరువు పెంచుకున్నట్టే.

చెస్ట్ ప్యాక్ నీళ్ళకి పైన ఉంటుంది, బాక్స్ తెరిచి దాని మీదే పెట్టుకుని ఫ్లై కట్టుకోవచ్చు. కానీ పాదాలు కనపడవు. పాచి రాళ్ళ మీద, ప్రవాహంలో, కాలు ఎక్కడ పెడుతున్నామో కనపడకపోవడం నాకు అస్సలు నచ్చదు. పైగా చేతిలో వదులుగా ఉన్న లైన్ దాని జిప్పులకి చుట్టుకుంటుంది.

స్లింగ్ వెనక్కి తోసేస్తే ముందంతా ఖాళీ, కావాల్సినప్పుడు తిప్పుకోవచ్చు. కానీ బరువంతా ఒకే భుజం మీద. దళసరి మెత్త వేసిన స్లింగులు కొన్ని ఖాళీగానే మామూలు వెస్ట్ కంటే బరువుంటాయి. దుకాణంలో చేత్తో ఎత్తి చూడండి.

ఏది తగిలించినా వేడర్స్ (నీళ్ళలో దిగడానికి తొడుక్కునే తడవని ప్యాంటు) బెల్ట్ విడిగా బిగించాలి. పడితే లోపలికి నీళ్ళు దూసుకురాకుండా ఆపేది అదే, సంచి పట్టీ ఆ పని చెయ్యదు. సంచి బకిల్ ఒక్క చేత్తో ఊడాలి.

ఏటిగట్టు:
మోకాలి లోతే, ఎప్పుడైనా తొడల దాకా. సంచిలో మూడు బాక్సులు, 3ఎక్స్ నుంచి 7ఎక్స్ దాకా (నంబరు పెరిగేకొద్దీ సన్నం) టిప్పెట్, సీసం గుళ్ళు, లీటరు నీళ్ళు.

గాలివాటం:
లీటరు నీళ్ళంటే కిలో అండీ! మీ ఫ్లైలన్నీ కలిపినా అంత తూగవు. వాగు పక్కనే ఉంటారు కదా, వడపోత సీసా ఒకటి చాలు.

నడకపిచ్చి:
టిప్పెట్ కూడా అన్ని చుట్టలెందుకు? 5ఎక్స్ మందం అంగుళంలో 0.006, సుమారు 0.15 మిల్లీమీటర్లు. ఒక్కో మెట్టుకి తేడా అంగుళంలో వెయ్యో వంతే. 4ఎక్స్, 6ఎక్స్ పెట్టుకుని మిగతావి ఇంట్లో పడెయ్యండి.

పాతవెస్టు:
ఆ వెయ్యో వంతుకే చేప తెంపుకు పోతుంది, లేదా దారం చూసి దగ్గరికే రాదు. హుక్ నంబర్‌ని మూడుతో భాగించి చూసుకోవడం పాత లెక్క. 12కి 4ఎక్స్, 18కి 6ఎక్స్. మధ్యలో 15, 16 నంబర్లు వాడేవాడికి 5ఎక్స్ లేకపోతే ఎలా? చుట్ట బరువెంత అసలు? తగ్గించాల్సింది బాక్సులు. మూడోది ఎప్పుడు తెరిచారో గుర్తుందా?

ఏటిగట్టు:
గుర్తులేదు 😀 సరే, చిన్న హిప్ ప్యాక్, ఒక్క బాక్స్, మూడు చుట్టలు. లాన్యార్డ్ వద్దు, మా వాగు పక్కన పొదలెక్కువ. కానీ నెట్ ఎక్కడ? వెస్ట్‌కైతే వెనక మెడ కింద రింగ్ ఉంది.

పాతవెస్టు:
అదిగో. అదే చెబుతున్నా మొదటినుంచీ.

గాలివాటం:
హిప్ ప్యాక్‌ల వెనక చాలావాటికి నెట్ పిడి దూర్చే సందు ఉంటుంది, లేదంటే వేడర్స్ బెల్ట్ వెనక దోపండి. తొడల లోతులో మాత్రం ప్రవాహం దాన్ని లాగుతుంది, కాబట్టి సాగే తాడు కట్టి ఉంచండి. రాడ్ పట్టని చేతి వైపు పెట్టుకుంటే తీయడం సులువు.