నల్లరేగడి చేనులో ఇల్లు: మేస్త్రి ఐదడుగులు చాలంటున్నాడు, సాయిల్ టెస్ట్ చేయించాలా?

పల్నాడు కుర్రాడు:
అందరికీ నమస్కారం. నరసరావుపేట దగ్గర మా ఊళ్ళో నాలుగు సెంట్ల స్థలం ఉంది. మొన్నటిదాకా పత్తి వేసిన చేనే. ఉగాది దాటాక ఇల్లు మొదలుపెడదామని, ప్రస్తుతానికి కింద అంతస్తు వరకే. మేస్త్రి వచ్చి గడ్డపారతో రెండు పోట్లు పొడిచి, "రాయిలా ఉంది, ఐదడుగులు తీసి పునాదికి ఫుటింగ్ దిమ్మలు వేస్తే ఏనుగు నిలబడుద్ది" అన్నాడు. పక్కింటివాళ్ళు ఆరేళ్ళ కిందట అలాగే కట్టారు. వాళ్ళ కిటికీ మూల నుంచి ఏటవాలుగా బీట దిగింది, ఎండాకాలం వేలు పడుతుంది, వానలకు మూసుకుంటుంది. వంటగది తలుపు శ్రావణంలో పట్టేస్తోందట. టెస్టు డబ్బులు దండగ, ఆ డబ్బు స్టీలుకు పెట్టమని మా బాబాయి అంటున్నాడు. ఏం చేయమంటారు?

బోర్ల పని:
తమ్ముడూ, అసలు సంగతి పక్కింటి బీటలోనే ఉంది. వానకు మూసుకుని ఎండకు తెరుచుకునే బీట నేలకు బలం చాలక వచ్చింది కాదు. తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే మట్టి గోడను ఎత్తుతూ దించుతూ ఉంటే వచ్చింది. స్టీలు ఎంత పెంచినా మట్టి ఉబ్బడం ఆగదు.

మీ మేస్త్రి అబద్ధం చెప్పలేదు, ఎండిన రేగడి నిజంగానే రాయి. నేను ఇరవై రెండేళ్ళుగా సాయిల్ టెస్ట్ బోర్లు వేస్తున్నా. నేలలో నిలిపిన గొట్టం మీదికి 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతాం. గొట్టం మొదటి 15 సెంటీమీటర్లు దిగాక, తరవాతి 30 దిగడానికి పట్టిన దెబ్బలు లెక్కలోకి వస్తాయి. మే నెలలో పై మట్టిలో ఆ గొట్టం దిగనంటుంది. అదే చోట కార్తీకంలో కొడితే మెత్తగా దిగిపోద్ది. ఎండాకాలపు లెక్క చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

ల్యాబులో ముందు ఫ్రీ స్వెల్ పరీక్ష అడుగు, మట్టి ఎంత ఉబ్బుతుందో అది చెబుతుంది. ఎండబెట్టి జల్లించిన మట్టి పది గ్రాములు నీళ్ళ జాడీలో, పది గ్రాములు కిరసనాయిలు జాడీలో పోసి ఒక రోజు వదిలేస్తారు. కిరసనాయిలుకు మట్టి ఉబ్బదు. అందులో 10 గీత దగ్గరుండి, నీళ్ళలో 20 దగ్గరికి వస్తే ఉబ్బు 100 శాతం. 50 దాటితే జాగ్రత్త పడాలి. 100 దాటితే ఆ మట్టి మీద మామూలు ఫుటింగ్ మాట నేనైతే ఎత్తను.

ఒక్క అంతస్తే కదా అనుకోకు, తేలిక ఇంటినే మట్టి సులువుగా లేపుతుంది. మా నాన్న కట్టిన ఇంట్లో మెత్తగా ఉంటుందని ఫుటింగుల కింద అడుగు మందాన ఇసుక పరిచారు. వాన నీళ్ళు ఆ ఇసుకలో నిలిచి, కింద రేగడికి నెలల తరబడి అందాయి. దేవుడి గది గోడ పగిలింది. మూడుసార్లు పూశాం, మూడుసార్లూ విచ్చుకుంది. అమ్మ పోయేదాకా ఆ బీట మీద క్యాలెండరు తగిలించేది.

ఎదురెదురు మూలల్లో రెండు బోర్లు వేయించు, ఆరు మీటర్ల దాకా. రేగడి ఆరేడు అడుగుల్లో అయిపోయి గట్టి మొరం తగిలితే ఫుటింగులు దాని మీదే కూర్చోబెట్టు. ఇంకా లోతుంటే అండర్ రీమ్డ్ పైల్స్, అంటే లోతుగా దింపి అడుగున బల్బులా వెడల్పు చేసిన కాంక్రీటు స్తంభాలు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే తీర్చిదిద్దిన పద్ధతి అది. పైల్ 30 సెంటీమీటర్లయితే అడుగున బల్బు 75 ఉంటుంది. మూడున్నర మీటర్లకు తగ్గకుండా దింపితే, ఎండావానా పెద్దగా తగలని మట్టిలో బల్బు పట్టుకుంటుంది. పైల్స్ మీద గోడలను మోసే ప్లింత్ బీము మాత్రం నేలకు ఆనకూడదు, కింద 8 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. మట్టి ఉబ్బితే ఆ ఖాళీలోకి ఉబ్బాలి.

నంద్యాల ఇల్లాలు:
అన్నగారు చెప్పినట్టే మేం పైల్స్ వేయించాం, గోడలు నిక్షేపంగా ఉన్నాయి. కానీ తవ్విన రేగడినే ఫ్లోరింగు కింద బేస్‌మెంట్‌లో నింపేశారండీ. రెండో వానాకాలానికి హాలు మధ్యలో టైల్స్ బోర్లించిన మూకుడులా లేచాయి. ఫ్లోరింగంతా పగలగొట్టి, మట్టి తీసి, మొరం తోలించి మళ్ళీ వేసుకున్నాం. మీరు మొదటే మొరం తోలించుకోండి.

పల్నాడు కుర్రాడు:
అందరికీ చాలా థాంక్స్. బాబాయికి ఇదంతా చదివి వినిపించా, సరేనన్నాడు. బోరు వాళ్ళు వచ్చేవారం వస్తున్నారు. స్థలం అంచున పెద్ద వేపచెట్టు ఉందన్నా, కొట్టించాలా?

బోర్ల పని:
కొట్టించకు. చెట్టు ఎంత ఎత్తుందో కనీసం అంత దూరంలో గోడ పెట్టుకో. దగ్గరైతే వేసవిలో వేర్లు గోడ కింద తడి లాగేసి ఆ మూల కుంగుద్ది. కొట్టేసినా చిక్కే, ఎండిన మట్టి మళ్ళీ తడి పట్టి ఉబ్బుతుంది. ఇంటి చుట్టూ ఐదడుగుల వెడల్పున బయటికి వాలుగా సిమెంటు అంచు పోయించు, సెప్టిక్ ట్యాంకు పునాదికి దూరంగా పెట్టు.

బోరు వేసే రోజు నువ్వు అక్కడే ఉండు. ప్రతి మీటరుకీ తీసిన మట్టి సంచిలో వేసి, లోతు రాసిన చీటీ కట్టమను. మొరం ఎన్ని అడుగులకు తగిలిందో ఇక్కడ రాయి, చూసి చెబుతా.