రొయ్యల మేత షేర్లు తగ్గించుకోవాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

మాది భీమవరం దగ్గర పల్లెటూరండి, ఇంటి ఆదాయమంతా రొయ్యల చెరువుల మీదే. పదేళ్లు కదపకూడదని కొన్న షేర్లలో సగానికి పైగా మేత తయారుచేసే ఒక కంపెనీవే. మేత నాణ్యత, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరలు రోజూ చూసేవాళ్లం కాబట్టి నమ్మకంతో కొన్నాను. ఆ నమ్మకం ఇప్పటికీ ఉంది. కానీ 2025 ఆగస్టులో రొయ్యలతో సహా మన దేశ సరుకులపై అమెరికా సుంకం 50 శాతానికి పెంచినప్పుడు చెరువు గురించి, షేరు గురించి ఒకేసారి టెన్షన్ పట్టుకుంది. రొయ్యలను చంపేసే తెల్లమచ్చ వైరస్ వచ్చినా ఇంతే కదా!

ఏడాది దాటిన షేర్లపై లాభం 1.25 లక్షలు మించితేనే 12.5 శాతం పన్ను. అందుకే ఏటా ఆ పరిమితిలోపే కొంచెం కొంచెంగా అమ్మి, మన డెల్టాతో సంబంధం లేని వ్యాపారాల్లోకి మార్చాలనుకుంటున్నాను. ఇలా చేసినవాళ్లున్నారా? ఒక్క షేరు ఎంత శాతం దాటకూడదని పెట్టుకున్నారు? ధర కాకుండా ఇంకేం చూసి అమ్ముతారు? అమ్మాయి ఇంజినీరింగ్‌కి ఇదే డబ్బు, దయచేసి వివరంగా రాయండి.