బ్రిడ్జి పేకాటలో పాట అయిపోయాక, మొదటి పట్టులో ఏం లెక్క వేసుకోవాలి?

బిట్రగుంట అమ్మాయి:

నమస్కారం. మాది నెల్లూరు, దర్గామిట్ట. మా నాన్న రైల్వే గార్డు. బ్రిడ్జి, అంటే నలుగురు రెండు జోడీలుగా ఆడే పేకాట, బిట్రగుంట క్వార్టర్స్ వరండాలో ఆయన నేర్పిందే. పెళ్లయ్యాక ముప్పై ఏళ్లు పేకముక్క ముట్టుకోలేదు. 2018 ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ బ్రిడ్జిలో బంగారు పతకం గెలిచారని పేపర్లో చదివి, నేనూ తమ్ముడూ మళ్లీ మొదలుపెట్టాం. ఆదివారం సాయంత్రం మా ఇంట్లో నలుగురం కూర్చుంటాం.

పాట, అంటే ఎన్ని పట్లు (నలుగురూ ఒక్కో ముక్క వేసే రౌండ్లు) గెలుస్తామో చెప్పే వేలం, పాడటం వచ్చు. డిక్లేరర్‌గా, అంటే పాట గెలిచి ఆడే మనిషిగా కూడా నెట్టుకొస్తాను. డిఫెన్స్‌కి, అంటే వాళ్లను ఆపే పనికి వచ్చేసరికి మాత్రం డమ్మీ (డిక్లేరర్ జోడీ ముక్కలు) బల్ల మీద పరవగానే టెన్షన్ పట్టుకుంటుంది. పోయిన ఆదివారం జరిగింది చెప్తాను.

దక్షిణం ఒక నో ట్రంప్ అన్నారు, అంటే 15 నుంచి 17 పాయింట్లు (ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1). ఉత్తరం మూడు నో ట్రంప్, అంటే తురుపు లేకుండా తొమ్మిది పట్లు తెస్తామని. పాట అంతే. తమ్ముడు పడమర, నేను తూర్పు. వాడు ఇస్పేటు 2 లీడ్ చేశాడు, అంటే మొదటి ముక్కగా వేశాడు. పొడుగు సూట్‌లో (ఎక్కువ ముక్కలున్న రంగులో) పైనుంచి నాలుగో ముక్క వేయడం మా పద్ధతి.

డమ్మీ: ఇస్పేటు 9, 4. ఆఠీను రాజు, రాణి, 5. డైమన్ రాజు, జాకీ, 10, 9, 5. కళావరు 7, 6, 3.

నా చెయ్యి: ఇస్పేటు ఆసు, 8, 3. ఆఠీను 7, 6, 2. డైమన్ ఆసు, 4, 3. కళావరు రాణి, జాకీ, 10, 5.

ఆసుతో పట్టి వెంటనే ఇస్పేటు 8 తిప్పాను. డిక్లేరర్ జాకీ వేస్తే తమ్ముడు రాణితో పట్టి మళ్లీ ఇస్పేటే వేశాడు. అది డిక్లేరర్ రాజుకు పోయింది. ఆయన డైమన్లు మొదలుపెట్టారు. నా ఆసు పడ్డాక కళావరు రాణి వేశాను, అప్పటికే ఆలస్యమైంది. కళావరు ఆసు తీసుకుని సరిగ్గా తొమ్మిది పట్లు లాగేశారు. ఆఖరి పట్టులో తమ్ముడి చేతిలోంచి కళావరు రాజు బయటికొచ్చింది. అది చూశాక ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

‘జోడీ వేసిందే తిప్పు’ అనేవారు నాన్న. అది తప్పా? నేను మొదటి పట్టులోనే ఏం చూడాల్సింది? ఆలోచిస్తుంటే ‘వెయ్యమ్మా’ అని తొందర పెడతారు, అదొకటి.

కొత్తపట్నం గాలి:

అక్కా, నాన్నగారి మాట తప్పు కాదు. ఏమీ తెలియనప్పుడు అదే మేలు. కానీ ఇక్కడ మీకు చాలానే తెలుసు.

ముందు ఆ రెండును చూడండి. నాలుగో ముక్కే రెండు అయితే దానికింద ఇంకేం ఉండదు. అంటే తమ్ముడికి ఇస్పేట్లు నాలుగే. డమ్మీకి రెండు, మీకు మూడు, కాబట్టి డిక్లేరర్‌కూ నాలుగున్నాయి. ఆ సూట్ మీకు ఎంతో ఇవ్వదు.

తర్వాత పాయింట్లు. మొత్తం 40. డమ్మీవి 9, మీవి 11. మిగిలిన 20లో డిక్లేరర్‌వి కనీసం 15. తమ్ముడికి ఉన్నది 3 నుంచి 5 మాత్రమే.

ఇక పట్లు. కాంట్రాక్ట్ పడాలంటే, అంటే పాడిన తొమ్మిది పట్లు వాళ్లకు రాకూడదంటే, 13లో మీకు ఐదు కావాలి. రెండు ఆసులు చేతిలో ఉన్నాయి. మిగతా మూడూ ఇస్పేట్లలో రావాలంటే తమ్ముడి దగ్గర రాజు, రాణితో పాటు కనీసం పది ఉండాలి. అవే ఉంటే రెండు కాదు, రాజునే లీడ్ చేసేవాడు. ఆఠీన్లు, డైమన్లు డమ్మీవి. మిగిలింది కళావరు ఒక్కటే. అందులో తమ్ముడికి రాజో ఆసో ఉంటే మూడు పట్లు వస్తాయి, ఆ మూడు నాలుగు పాయింట్లకు వాడి చేతిలో చోటుంది. లేకపోతే ఏం వేసినా కాంట్రాక్ట్ పడదు. కాబట్టి ఉందనే అనుకుని రెండో పట్టుకే కళావరు రాణి వెయ్యాలి. మీరు వేసింది సరైన ముక్కే అక్కా, మూడు పట్లు ఆలస్యంగా వేశారు.

పొదిలి నుంచి:

డైమన్ ఆసును ఒకటి రెండు సార్లు వేయకుండా ఆపి ఉంటే?

కొత్తపట్నం గాలి:

లాభం లేదు. డమ్మీకి ఆఠీనులో రాజు, రాణి ఉన్నాయి. ఎప్పుడంటే అప్పుడు వాటితో పట్టి డమ్మీలోని డైమన్ల దగ్గరికి వెళ్లిపోతారు.

కావలి మేష్టారు:

పైన చెప్పిన లెక్క సరైనదే. కానీ తమ్ముడి పని కూడా ఒకటుందమ్మా. కళావరులో డిక్లేరర్ ఏ పట్టులో ఆసు వేస్తే ఆ పట్టులోనే తమ్ముడు రాజును వదిలేయాలి. దాచుకుంటే తర్వాతి పట్టు ఆ రాజుకే పోతుంది, మీ దగ్గర మిగిలిన కళావరు దగ్గరికి రావడానికి వాడికి దారి ఉండదు. మంచి ముక్క పారేయడానికి చెయ్యి రాదు, అందుకే ముందే మాట్లాడుకోండి.

తొందర పెట్టడం గురించి. బ్రిడ్జి నియమాల ప్రకారం మొదటి లీడ్ ముక్కను బోర్లా పెట్టాలి. దాన్ని వెల్లకిలా తిప్పే ముందే మీరు పాట మళ్లీ చెప్పమనవచ్చు, ఫలానా పాటకు అర్థమేమిటని అడగవచ్చు. మీరు లెక్క మొదలుపెట్టాల్సింది అక్కడ. డమ్మీ పరిచాక డిక్లేరర్ చటుక్కున ముక్క వేసినా మీరు ఆగండి. ‘ఈ పట్టు గురించి కాదు, మొత్తం ఆట గురించి ఆలోచిస్తున్నాను’ అని నెమ్మదిగా చెప్పండి. మొదటి పట్టులో మూడో చెయ్యి ఆగడం తప్పేమీ కాదు. అక్కడ నిమిషం మిగుల్చుకుని ఆరో పట్టులో మూడు నిమిషాలు కూర్చుంటే ఏం ఉపయోగం?

బిట్రగుంట అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి భోజనాలయ్యాక అవే ముక్కలు బల్ల మీద పరిచాం. డిక్లేరర్ చెయ్యి మా కోడలు పట్టుకుంది. మొదటిసారి నా రాణిని కోడలు వదిలేసి, జాకీ మీద ఆసు వేసింది. తమ్ముడు రాజు దాచుకున్నాడు, మేష్టారు చెప్పినట్టే ఇరుక్కుపోయాం, తొమ్మిది పట్లు ఆమెకే వెళ్లాయి. రెండోసారి ఆసు కింద రాజు పారేశాడు. వాడి చెయ్యి ఒక్క క్షణం ఆగింది కానీ వేశాడు. నా పది, ఐదు రెండూ పట్లయ్యాయి, కాంట్రాక్ట్ ఒక్క పట్టు తేడాతో పడింది.

ఆదివారం నుంచి లీడ్ ముక్క బోర్లా పెట్టాలని మిగతా ఇద్దరికీ ఫోన్ చేసి చెప్పేశాను.