యాకిమా నదిలో దిగడానికి వేడింగ్ (నీళ్ళలో నడిచే) బూట్లు, బ్యాగు: నమ్మేముందు ఎలా పరీక్షించాలి?

కిరణ్ (బోథెల్, వాషింగ్టన్):
అందరికీ నమస్కారం. ఈ మధ్యే ఫ్లై ఫిషింగ్ (ఈకలు, దారాలతో పురుగులా కట్టిన ఫ్లై అనే ఎరతో చేపలు పట్టడం) మొదలుపెట్టాను, ఇంతవరకు చెరువు ఒడ్డున నిలబడి గాలం వేసిందే తప్ప నీళ్ళలోకి దిగలేదు. సెప్టెంబర్‌లో ఎలెన్స్‌బర్గ్ దాటాక యాకిమా క్యాన్యన్‌లో (నది లోయలో) ట్రౌట్ చేపల కోసం దిగుదామని ఉంది. వేడర్స్ (నీళ్ళలో దిగడానికి ఛాతీదాకా వచ్చే వాటర్‌ప్రూఫ్ ప్యాంటు) ఉన్నాయి, స్టాకింగ్‌ఫుట్ రకం, అంటే అడుగున బూటు బదులు సాక్సు ఉండేవి. బూట్లు, బ్యాగు కొనాలి. రివ్యూలు చూస్తే ప్రతి బూటుకీ నాలుగున్నర స్టార్లు, ప్రతి బ్యాగూ వాటర్‌ప్రూఫే! ఫెల్ట్ (ఒత్తిన ఉన్నిలాంటి మందపాటి గుడ్డ) సోలా, రబ్బరా, స్టడ్స్ (అడుగున బిగించే లోహపు మేకులు) వేయించాలా? బ్యాగు వీపుకా, నడుముకా? వెనక్కిచ్చే గడువు లోపల నేనే పరీక్షించి చూసుకునే పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి. ఈత వచ్చు కానీ వడి నీళ్ళలో నడిచిన అలవాటు లేదు, అదే టెన్షన్.

శ్రీధర్ (సమామిష్):
కిరణ్, ముందు నది సంగతి చెప్తాను, తర్వాత బూట్లు. వేసవంతా ఆ క్యాన్యన్‌లో నీళ్ళు నిండుగా పోతాయి. పైన రిజర్వాయర్ల నుంచి కింద తోటలకు వదిలే సాగునీరు ఆ దారినే వెళ్ళాలి కదా. ప్రవాహం 3,500 సీఎఫ్ఎస్ (సెకనుకు ఘనపుటడుగులు) అని కనిపించిందంటే సెకనుకు దాదాపు లక్ష లీటర్లు, అంటే హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లకు వచ్చే పది వేల లీటర్ల ట్యాంకర్లు పది, ప్రతి సెకనుకూ నీ ముందు నుంచి పోతున్నట్టు లెక్క. అలాంటప్పుడు ఎంత ఖరీదు బూటు వేసుకున్నా ఒడ్డు వదలొద్దు. సెప్టెంబర్ మొదట్లో పై రిజర్వాయర్ల నుంచి నీళ్ళు తగ్గించి, క్యాన్యన్ దాటాక యాకిమాలో కలిసే నాచెస్ నది వైపు పెంచుతారు, ఇక్కడ దాన్ని ఫ్లిప్-ఫ్లాప్ అంటారు. పై యాకిమాలో గుడ్లు పెట్టే చినూక్ సాల్మన్ ఎక్కువ నీళ్ళున్నప్పుడు ఒడ్డు దగ్గర గుడ్లు పెట్టేస్తే, చలికాలంలో మట్టం తగ్గాక అవన్నీ బయటపడి పోతాయి, అందుకని ఈ ఏర్పాటు. మనకు దానివల్ల దిగే వీలు దొరుకుతుంది. నీళ్ళు తగ్గాయని నిర్ధారించుకున్నాకే బయల్దేరు.

ఇక బూట్లు. షాపుకు నీ వేడర్స్ పట్టుకెళ్ళు, లోపల వేసుకునే ఉన్ని సాక్సుతో సహా. వేడర్స్ అడుగున ఉండే నియోప్రీన్ సాక్సు మందంగా ఉంటుంది కాబట్టి మామూలు షూ సైజు సరిపోదు, చాలామందికి ఒక సైజు పెద్దది కావాలి. బిగుతుగా ఉన్నా పర్లేదులే, వదులవుతాయిలే అనుకోవద్దు. బిగుతు బూటులో రక్తం సరిగ్గా ఆడక కాళ్ళు తొందరగా చల్లబడతాయి, మొద్దుబారిన పాదానికి కింద రాయి ఎటు వాలి ఉందో తెలియదు, పడేది అక్కడే. వేసుకుని మెట్లు దిగి చూడు: దిగేటప్పుడు బొటనవేలు ముందుకు తగలకూడదు, ఎక్కేటప్పుడు మడమ లేవకూడదు.

షాపులో తెలిసేది ఇంతే. మిగతాదంతా తడిలోనే తేలాలి. మీ దగ్గర్లో నార్త్ బెండ్ పైన మిడిల్ ఫోర్క్ స్నోక్వాల్మీ ఉంది, ఆగస్టు చివరికి నీళ్ళు బాగా తగ్గుతాయి, అడుగున గుండ్రాళ్ళు, వాటి మీద పాచి. పరీక్షకు అంతకంటే మంచి చోటు ఉండదు. మోకాలి లోతు దాటకుండా, ఒడ్డున ఒక మనిషిని పెట్టుకుని, చేతిలో వేడింగ్ కర్ర పట్టుకుని దిగు. ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి పక్కకి పక్కకి నడువు. కాలు ఎత్తి వేయకుండా అడుగును తడుముతూ జరుపు, ఒక పాదం గట్టిగా కుదురుకున్నాకే రెండోదాన్ని కదుపు. పాచి రాయి మీద బరువు నెమ్మదిగా మోపుతూ ఆ బూటు ఎక్కడ జారడం మొదలుపెడుతుందో గమనించు. తర్వాత రెండు రాళ్ళ మధ్య సందులో పాదం పెట్టి చీలమండ పక్కకు ఒరిగితే బూటు ఆపుతోందా లేదా చూడు. కాసేపయ్యాక లేసులు మళ్ళీ బిగించు. తడిశాక చాలా లేసులు సాగుతాయి, మొదట కట్టిన ముడి అలాగే వదిలేస్తే అసలు పరీక్షే కాదు.

ఇంకో పని, ఇది దాదాపు ఎవరూ చేయరు. మనందరి ఇళ్ళల్లో ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేసులు తూచే కాటా ఉంటుందిగా, అది కార్లో వేసుకెళ్ళు. పొడి బూటు తూచు, నీళ్ళలోంచి బయటికి రాగానే తూచు, అయిదు నిమిషాలు ఒడ్డున పెట్టి మళ్ళీ తూచు. పెట్టె మీద రాసేది పొడి బరువు. మన కాలు రోజంతా మోసేది తడి బరువు. నీళ్ళు కారిపోయే రంధ్రాలు సరిగ్గా లేని బూటు, లోపల స్పాంజి లాంటి మెత్త ఎక్కువున్న బూటు ఆ మూడో తూకంలో బయటపడిపోతుంది.

వేణు (డెన్వర్):
శ్రీధర్ అన్న చెప్పింది బాగుంది, సోల్ గురించి నేను రాస్తా. పాచి రాయి మీద పట్టు అంటే ఇప్పటికీ ఫెల్ట్‌దే పైచేయి, అందులో వాదన లేదు. కానీ బురద గట్టు ఎక్కాలంటే జారుతుంది, మంచు మీద నడిస్తే అడుగున మంచు ముద్దలుగా అంటుకుంటుంది, పైగా ఆరదు. ఆరని ఫెల్ట్‌లో ఒక నది నుంచి ఇంకో నదికి నాచు, నత్తలు ప్రయాణం చేస్తాయని న్యూజిలాండ్ 2008లోనే దాన్ని నిషేధించింది, అలాస్కా 2012లో, ఎల్లోస్టోన్ పార్క్ 2018లో. ఎప్పటికైనా ఎల్లోస్టోన్ వెళ్ళి చేపలు పడదామని ఉంటే ఫెల్ట్ మీద డబ్బు పెట్టకు. రెండూ కావాలనుకుంటే కోర్కర్స్ బూట్లలో సోల్ ఊడదీసి వేరేది బిగించే ఏర్పాటు ఉంది. అది కొంటే ఇంట్లోనే అలవాటయ్యేదాకా తీసి పెట్టి చూసుకో, అంచులన్నీ కూర్చున్నాయా లేదా వేలితో తడుముకో.

కిరణ్:
అయితే వేణు అన్నా, రబ్బరు సోల్ ఒక్కటే తీసుకుంటే చాలా, లేక స్టడ్స్ కూడా వేయించాలా?

వేణు:
ఉత్త రబ్బరు పాచి మీద చాలదు తమ్ముడూ, ఎంత పేరున్న రబ్బరైనా. కార్బైడ్ మొన ఉన్న స్టడ్స్ వేయించు. ముందు బొటనవేలి ముద్ద కింద, వెనక మడమ అంచున, అంటే బరువు పడేచోట. కొంతమంది స్టడ్స్ బదులు అల్యూమినియం కడ్డీలున్న సోల్ ఇష్టపడతారు. అది మెత్తటి లోహం కాబట్టి రాయిని గట్టిగా పట్టుకుంటుంది, బరువు మాత్రం ఎక్కువ. లోహం ఏదైనా రెండు సంగతులు గుర్తుపెట్టుకో. పొడిగా ఉన్న నున్నటి బండ మీద అది జర్రున జారుతుంది, కాబట్టి నీళ్ళలోంచి బండ మీదకి ఎక్కే పరీక్ష కూడా చేయాలి. రెండోది, గైడ్‌తో పడవలో వెళ్తే చాలామంది స్టడ్స్‌తో ఎక్కనివ్వరు, పడవ అడుగున గీతలు పడతాయి. యాకిమాలో పడవల్లోనే ఎక్కువమంది వెళ్తారనుకుంటా, బుక్ చేసేటప్పుడే అడిగెయ్.

మాధవి (ఎలెన్స్‌బర్గ్):
అవును వేణు గారూ, ఇక్కడ పడవలే ఎక్కువ. కిరణ్ గారూ, బ్యాగు సంగతి నేను చెప్తాను, ఎందుకంటే అందరూ బూట్ల మీదే ఆలోచించి బ్యాగు ఏదో ఒకటి తీసుకుంటారు.

బ్యాగును పరీక్షించాల్సింది భుజాన వేసుకుని నడిచి కాదు. నీళ్ళలో నడుము లోతున నిలబడి ఫ్లై మార్చాల్సి వచ్చిందనుకోండి, ఫ్లై బాక్స్ తీయాలి, టిప్పెట్ (ఫ్లై కట్టే సన్నని చివరి దారం) తెంపాలి, కట్టాలి, కత్తిరించాలి. ఇదంతా చేస్తుండగా రాడ్ (గాలం కర్ర) చంకలో ఉంటుంది, పెట్టుకోవడానికి ఎక్కడా చోటుండదు. వీపు బ్యాగైతే రెండు పట్టీలూ తీసి ముందుకు తెచ్చుకోవాలి, అది నీళ్ళలో కష్టం. స్లింగ్ అయితే ఒక్క పట్టీ మీద చంక కిందుగా ముందుకు తిరుగుతుంది. నడుముకు కట్టేది లోతు పెరగ్గానే మునుగుతుంది. ఛాతీ మీద పెట్టుకునేది చేతికి బాగా అందుతుంది కానీ ఉబ్బుగా ఉంటే మీ పాదాలే మీకు కనబడవు, రాళ్ళలో అది పెద్ద లోటు. ఏది కొన్నా ఇంట్లో నిలబడి, రాడ్ చంకలో పెట్టుకుని, బ్యాగు కింద పెట్టకుండా ఒక ఫ్లై మార్చి చూడండి. కుదరకపోతే నదిలో అసలే కుదరదు. క్యాన్యన్‌లో రోడ్డు పక్కనే దిగేచోట్లు చాలా ఉన్నాయి కాబట్టి స్లింగ్ చాలు. నడక ఎక్కువుండి వాన కోటు, నీళ్ళు, పులిహోర డబ్బా అన్నీ మోసుకెళ్ళాలనుకుంటే వీపు బ్యాగు, దాంతో పాటు ఛాతీకి చిన్న సంచి ఒకటి.

తర్వాత పార్కులో బ్యాగు వేసుకునే క్యాస్టింగ్ (లైన్ విసరడం) చేయండి. వేలాడే పట్టీ కొసలు, బకిల్స్, నిప్పర్స్ (దారం కత్తిరించేవి) గొలుసు, ఇవన్నీ లైన్‌ను పట్టుకుంటాయి. ఎక్కడ చిక్కుకుంటోందో చూసి ఆ కొసల్ని మడిచి టేపు వేసేయండి. నెట్ (చేపను ఎత్తే చేతివల) వెనక తగిలిస్తే దాన్ని చూడకుండా అందుకోగలరా, మళ్ళీ తగిలించగలరా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. ఇక్కడ ట్రౌట్‌ని పట్టి వదిలేయడమే నియమం. మీరు నెట్ కోసం వెతుక్కుంటున్నంతసేపూ ఆ చేప అలిసిపోతూ ఉంటుంది, దాని గురించి కూడా ఆలోచించాలి.

వాటర్‌ప్రూఫ్ అన్న మాటకి బాత్‌టబ్ పరీక్ష. బ్యాగులో ప్రతి మూలా పేపరు టవళ్ళు కుక్కి, జిప్ పూర్తిగా లాగి, పైన బరువు పెట్టి ముంచి ఉంచండి. ఐపీఎక్స్7 అని రాసి ఉంటే మీటరు లోతులో 30 నిమిషాలు ఆగాలన్నది దాని అర్థం. టబ్‌లో అంత లోతు రాదు కానీ అరగంట ఉంచితే కారేది ఎలాగూ కారుతుంది. బయటికి తీసి తుడిచాక విప్పండి, ఏ మూల టవల్ తడిసిందో చూస్తే ఎక్కడినుంచి వచ్చిందో తెలిసిపోతుంది. ఎక్కువసార్లు జిప్ చివరే దోషి: ఆ లావు రబ్బరు జిప్పుల్లో ఆఖరి కొంచెం, గట్టిగా లాగితేనే గూట్లో కూర్చుంటుంది, అక్కడ ఆపేస్తే వాటర్‌ప్రూఫ్ కాదు. ఇసుక పడితే బ్రష్‌తో కడిగి, కంపెనీ ఇచ్చిన లూబ్రికెంట్ రాస్తుండాలి. మామూలు జిప్ మీద పూత వేసి వాటర్ రెసిస్టెంట్ అని రాసిన బ్యాగులు వానకి ఆగుతాయి, మునిగితే ఆగవు, ఆ తేడా చూసి కొనండి.

శ్రీధర్:
మాధవి గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను, ఇది ప్రాణం సంగతి. గాలి చొరబడని బ్యాగు నీళ్ళలో తేలుతుంది. ఛాతీ లోతుకు వెళ్తే వీపు వైపు పైకి లేపుతుంది, కాళ్ళ మీద బరువు తగ్గి పట్టు పోతుంది. జిప్ మూసేముందు గాలి నొక్కి తీసేయి. నది దాటేటప్పుడు ఛాతీ పట్టీ, నడుము పట్టీ రెండూ విప్పేయి, పడితే బ్యాగును వదిలించుకోగలగాలి. వేడర్స్ బెల్టు మాత్రం ఎప్పుడూ బిగించే ఉండాలి, నీళ్ళు లోపలికి పోకుండా ఆపేది అదే. బ్యాగు నడుము పట్టీ విప్పబోయి వేడర్స్ బెల్టు విప్పేంత దగ్గరగా రెండూ ఉంటే ఆ బ్యాగు నీకు పనికిరాదు. చల్లనీళ్ళలో చేతులు ముంచి వేళ్ళు బిగుసుకున్నాక బకిల్ ఒక్క చేత్తో ఊడుతుందా చూడు. కొట్టుకుపోతే వెల్లకిలా తిరిగి, కాళ్ళు ప్రవాహం వైపు ముందుకు చాచి, నెమ్మదిగా ఒడ్డుకు చేరాలి. వడిలో లేచి నిలబడబోతే పాదం రాళ్ళ మధ్య ఇరుక్కుంటుంది. నీళ్ళు తక్కువున్న మడుగులో, ఒడ్డున తోడు మనిషి ఉండగా, మొత్తం సామాను వేసుకుని ఒకసారి కావాలనే కూర్చుని లేచి చూడు. బ్యాగు నిన్ను ఎటు తిప్పుతుందో ఆ కాసేపట్లో తెలుస్తుంది.

కిరణ్:
ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు, చాలా థాంక్స్. రెండు చిన్న సందేహాలు. ఇలా తడిపి చూసిన బూట్లు షాపువాళ్ళు వెనక్కి తీసుకుంటారా? ఇంకోటి, స్నోక్వాల్మీలో తడిసిన బూట్లతోనే మర్నాడు యాకిమా వెళ్ళొచ్చా, వేణు అన్న నత్తలన్నారు కదా?

మాధవి:
షాపును బట్టి ఉంటుంది, కొనకముందే "నీళ్ళలో వేసుకుని చూశాక తీసుకుంటారా" అని సూటిగా అడగండి. చాలా ఫ్లై షాపులు వేడర్స్, బూట్లు రోజు అద్దెకిస్తాయి, రెండు రకాల సోల్స్ అలా వేసుకుని చూసి నచ్చింది కొనుక్కోవచ్చు. మొదటిసారి తడిపి ఆరబెట్టాక, బూటును ముందు భాగంలో వంచి, సోల్ పై భాగాన్ని కలిసేచోట బొటనవేలితో నొక్కుతూ చుట్టూ రండి. గోరు దూరేంత సందు కనబడిందంటే జిగురు సరిగ్గా పట్టలేదు, అప్పుడే వెనక్కిచ్చేయండి, అది ఇంకా పెద్దదే అవుతుంది. ఎండలో కారు డిక్కీలో మాత్రం వదలొద్దు. వేసవిలో ఇటువైపు ఎండలకి మంచి జిగురు కూడా ఊడిపోతుంది.

వేణు:
నత్తల సంగతి తేలిగ్గా తీసుకోకు. మీ రాష్ట్ర రాజధాని ఒలింపియాలో క్యాపిటల్ లేక్‌ని 2009లో న్యూజిలాండ్ మడ్ స్నెయిల్ బయటపడ్డాకే జనానికి మూసేశారు. అయిదారు మిల్లీమీటర్లకు మించని నత్త, మగది లేకుండానే పిల్లల్ని పెడుతుంది, అంటే ఒక్కటి చేరినా చాలు. మూత బిగించుకుని తడి బూటులో రోజుల తరబడి బతుకుతుంది. కాబట్టి నది దగ్గరే బ్రష్‌తో సోల్ సందులు, లేసుల కింద, లోపలి ఇన్‌సోల్ తీసి దాని అడుగూ రుద్ది కడుగు, గ్రావెల్ గార్డుల (బూటు పై అంచును కప్పే వేడర్స్ పట్టీల) మడతల్లో ఇసుక కూడా. తర్వాత ప్లాస్టిక్ సంచిలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో కనీసం 4 గంటలు, వీలైతే రాత్రంతా. ఇంట్లో ఒప్పుకోకపోతే 50 డిగ్రీల సెల్సియస్ వేడి నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టొచ్చు, కానీ జిగురుకి అది మంచిది కాదు, ముందు కంపెనీ సూచనలు చూడు. స్టడ్స్ ఉన్న బూటైతే ఫ్రీజర్‌లో పెట్టేముందు మొనల దగ్గర మందపాటి గుడ్డ చుట్టు, సంచి చిరుగుతుంది.