ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఫాలింగ్‌వాటర్: కుంగిన టెర్రస్‌లు, తక్కువ ఎత్తు గదులు. మీరేమంటారు?

నీడపట్టు:
పెన్సిల్వేనియాలో బేర్ రన్ వాగు మీద కాఫ్‌మన్ కుటుంబానికి అమెరికన్ ఆర్కిటెక్ట్ రైట్ 1935లో డిజైన్ చేసిన ఇల్లు ఇది. కొందరు ఆధునిక ఇళ్లన్నిటిలో ఇదే గొప్పదంటారు. కొందరు కుంగే, కారే, పైకప్పు నెత్తికి తగిలే ఇల్లంటారు. పుస్తకాల్లో ఎప్పుడూ బయటి కాంటిలివర్ల (ఒకవైపే ఆధారంతో గాల్లోకి చొచ్చుకొచ్చే భాగాల) ఫొటోలే వేస్తారు. అసలు టెర్రస్ ఎందుకు కుంగింది? తప్పు డిజైన్‌దా, కట్టినవాళ్లదా? లోపలి గదులు మనుషులు ఉండటానికి బాగుంటాయా?

దూలం:
ఎక్కువ తప్పు డిజైన్‌దే. హాలు, దాని టెర్రస్ కలిసి వాగు మీదకి సుమారు 15 అడుగులు చొచ్చుకొస్తాయి. శ్లాబ్‌ని దూలాల పైన కాకుండా అడుగున పోయడం మాత్రం చాలా తెలివైన పని. కాంటిలివర్‌లో నొక్కుడు బలం కిందివైపే పడుతుంది, కాంక్రీట్ అక్కడే వెడల్పుగా ఉంది. లాగుడు బలం పైవైపు పడుతుంది. అక్కడ ఉండాల్సినంత స్టీలు లేదు. కాఫ్‌మన్ పిలిపించిన ఇంజినీర్లు ఊచలు రెట్టింపు చేయించారు, రైట్‌కి పట్టరాని కోపం వచ్చింది. ఆ రెట్టింపు కూడా చాల్లేదు. కానీ అది లేకపోతే ఇల్లు నిలిచేదే కాదని నా అభిప్రాయం.

దీనికి తోడు సెంట్రింగ్‌ని కొస దగ్గర కాస్త పైకెత్తి కట్టలేదు. అది విప్పగానే కొస 1.75 అంగుళాలు దిగింది, పిట్టగోడలు పగిలాయి. పై అంతస్తు పడకగది టెర్రస్ తన బరువు తాను మోసుకోలేదు. ఆ బరువు హాలు కిటికీల మధ్య ఉన్న ఉక్కు టీ-సెక్షన్ల (T ఆకారపు కడ్డీల) మీదుగా కింది టెర్రస్ కొస మీద పడుతోంది. ఎప్పుడూ ఉండే బరువుకి కాంక్రీట్ ఏళ్ల తరబడి వంగుతూనే ఉంటుంది. చివరికి వంపు 7 అంగుళాల దాకా వెళ్లింది. 15 అడుగుల పొడవుకి అది మామూలుగా ఒప్పుకునే దానికన్నా చాలా రెట్లు ఎక్కువ.

1997లో వాగులోంచి తాత్కాలికంగా ఉక్కు ఆసరాలు పెట్టారు. అసలు మరమ్మతు 2002లో, రాబర్ట్ సిల్మన్ సంస్థ చేసింది. హాల్లో నేలరాళ్లకి నంబర్లు వేసి ఎత్తారు, ప్రధాన దూలాల పక్కన ఉక్కు కేబుళ్లు వేసి హైడ్రాలిక్ జాకీలతో బిగించారు, రాళ్లు మళ్లీ వాటి చోటే పరిచారు. వంపుని మొత్తంగా సరిచేయలేదు. అన్నేళ్లు వంగి కుదురుకున్న కాంక్రీట్‌ని బలవంతంగా లెవల్‌కి ఎత్తితే అద్దాలు, రాతిపని పగులుతాయి.

వెలుగునీడ:
లెక్కల సంగతి దూలం గారు చెప్పారు, ఒప్పుకుంటున్నా. గదుల మీద వచ్చే ఫిర్యాదుని మాత్రం ఒప్పుకోను. పైకప్పు కొన్నిచోట్ల 6 అడుగుల 4 అంగుళాలే, నిజమే. ఎత్తు తగ్గిస్తే చూపు పైకి పోదు, అడ్డంగా సాగి కిటికీలోంచి చెట్ల మీదకి పోతుంది. రైట్ కావాలని చేసిన పని ఇది.

చిన్న పనుల్లో ఉన్న శ్రద్ధ చూడండి. నేలరాళ్లకి మైనం పట్టించి తడిసినట్టు మెరిపించారు. పొయ్యి ముందున్న బండ ఆ కొండదే, దాన్ని ఉన్నచోటే ఉంచి మైనం లేకుండా వదిలేశారు. అందుకే వాగులోంచి పొడిబండ ఒకటి తేలినట్టుంటుంది. కొన్నిచోట్ల అద్దం చట్రం లేకుండా నేరుగా రాతిగోడలోకి దిగుతుంది. లోపలికి తెరుచుకునే కిటికీ రెక్క తగలకుండా బల్లని పావు వృత్తంగా కోశారు. స్నానాల గదుల్లో నేలకీ గోడలకీ కార్క్ వేశారు. నాకు ఇబ్బందిగా అనిపించేది ఒక్కటే: సామాను చాలావరకు గోడలో భాగం. సోఫా ఇంకో మూలకి జరుపుదామంటే కుదరదు.

తేమగోడ:
కారడం గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ కాలంలో మంచి వాటర్ ప్రూఫింగ్ లేదనే సాకు నాకు నచ్చదు. నీరు కారేది ఎక్కువగా అతుకుల దగ్గర: పిట్టగోడ శ్లాబ్‌ని కలిసేచోట, అద్దం రాతిలోకి దిగేచోట. ఇందాక మెచ్చుకున్న ఆ అద్దం అతుకే చూడండి, కాంక్రీట్ కదిలిన కొద్దీ అది తెరుచుకుంటుంది. టెర్రస్ వంగితే నీటి వాలు కూడా మారుతుంది, నీరు పోవాల్సిన చోటికి పోకుండా నిలుస్తుంది. అంటే కుంగడం, కారడం రెండు వేర్వేరు జబ్బులు కావు. ఇలాంటి ఇంట్లో ముందు కదలిక ఆపాలి. తర్వాతే నేలరాళ్లు ఎత్తి కింది పొర మార్చాలి. పైపైన సీలెంట్ పూస్తే ఒకటి రెండు చలికాలాలకే ఊడుతుంది. పగుల్లో చేరిన నీరు గడ్డకట్టి ఉబ్బి దాన్ని తోసేస్తుంది.

నీడపట్టు:
వివరంగా చెప్పారు, ముగ్గురికీ థాంక్స్. న్యూయార్క్‌లో రైట్ కట్టిన గుగ్గెన్‌హైమ్ మ్యూజియం సంగతి కూడా ఇంతేనా?

వెలుగునీడ:
అక్కడ నేను ఫిర్యాదు చేసేవాళ్ల వైపే వాదిస్తాను. గ్యాలరీ నేల 3 శాతం వాలు, గోడలు బయటికి వాలి ఉంటాయి. బొమ్మ అంచుని నేలకి సమాంతరంగా పెడితే వంకరగా కనిపిస్తుంది, లెవల్‌గా పెడితే నేలే వంకరగా కనిపిస్తుంది. 1956లోనే 21 మంది చిత్రకారులు అభ్యంతరం తెలుపుతూ ఉత్తరం రాశారు. 1959లో తెరిచినప్పుడు బొమ్మల్ని గోడకి ఆనించకుండా లోహపు కడ్డీల మీద ముందుకి నిలబెట్టారు. మధ్యలో ఆ ఖాళీ జాగా అద్భుతం, కాదనను. కానీ ఫాలింగ్‌వాటర్‌లో బల్లని కోసింది కిటికీ కోసం, ఇక్కడ సర్దుకోవాల్సింది బొమ్మలే.