డాంగేని ఆ ఉత్తరాలతోనే తూచాలా?

రావిచెట్టు: కమ్యూనిస్టు నాయకుడు శ్రీపాద్ అమృత్ డాంగే పేరెత్తితే చాలు, మనవాళ్లు ఆ ఉత్తరాల దగ్గరే ఆగిపోతారు. 1924లో కమ్యూనిస్టుల మీద పెట్టిన కాన్పూర్ కుట్ర కేసులో నాలుగేళ్ల శిక్ష పడి జైల్లో ఉన్నప్పుడు, వదిలేస్తే బ్రిటిష్ ప్రభుత్వానికి పనికొస్తానని రాశాడన్నది ఆరోపణ. అవి ఆర్కైవ్స్‌లోంచి బయటికొచ్చింది 1964లో. నిజమే అనుకుందాం. అప్పటికి ఆయనకు పాతికేళ్లు నిండలేదు. 1928 బొంబాయి మిల్లుల సమ్మె మాటేమిటి? రెండు మగ్గాలు చూసే నేత కార్మికుడికి మూడు అప్పగిస్తామంటే లక్షన్నర మంది ఆరు నెలలు పని మానేశారు. మే నెలలో పుట్టిన గిర్నీ కామ్‌గార్ యూనియన్‌లో (మిల్లు కార్మికుల సంఘం) ఏడాది చివరికి 54 వేల మంది సభ్యులు! దానికి ప్రధాన కార్యదర్శి డాంగేనే.

తెనాలి_64: సమ్మె ఆయనొక్కడిదా అండీ? యూనియన్ అధ్యక్షుడు ఆళ్వే మిల్లులో పనిచేసినవాడే. సమ్మె నడిపిన మిగతా నాయకులు మిరాజ్కర్, జోగ్లేకర్, నింబ్కర్ ఎటుపోయారు? ఇక ఉత్తరాలంటారా, 1964లో సీపీఐ జాతీయ కౌన్సిల్ సమావేశంలో కొందరు సభ్యులు విచారణ జరగాలి, అప్పటిదాకా డాంగే అధ్యక్ష స్థానంలో కూర్చోవద్దన్నారు. ఆయన దిగలేదు. ఆ ఏప్రిల్‌లోనే సుందరయ్య, బసవపున్నయ్య సహా 32 మంది కౌన్సిల్ నుంచి బయటికొచ్చేశారు. జూలైలో మా తెనాలిలోనే సదస్సు పెట్టుకున్నారు.

రావిచెట్టు: చైనా విషయంలో, కాంగ్రెస్‌తో ఎంత దూరం నడవాలన్న విషయంలో పార్టీ అప్పటికే రెండుగా ఉంది కదా. ఉత్తరాలు సాకు. పైగా సంతకంలో ‘శ్రీపాద్’కి బదులు ‘శ్రీపత్’ అని ఉంది. సొంత పేరు తప్పు రాసుకుంటాడా? బ్రిటిష్ వాళ్ల మనిషే అయితే, కమ్యూనిస్టుల మీదే పెట్టిన మీరట్ కుట్ర కేసులో 12 ఏళ్ల శిక్ష ఎందుకు వేశారు? (అప్పీల్‌లో తగ్గింది, అది వేరే సంగతి.)

తెనాలి_64: 1933లో పడ్డ శిక్ష 1924 ఉత్తరాలకు జవాబు ఎలా అవుతుంది సార్?

గేటు మీటింగ్: మీరిద్దరూ ఆర్కైవ్స్ కాగితాల దగ్గరే కొట్టుకుంటున్నారు. నా అభ్యంతరం సంతకంతో పనిలేనిది. ఎమర్జెన్సీని బహిరంగంగా సమర్థించాడు. 1978 భటిండా మహాసభలో సీపీఐ ఆ సమర్థన తప్పని ఒప్పుకుంది, ఈయన ఒప్పుకోలేదు. 1981లో పార్టీయే బయటికి పంపింది. సమ్మె హక్కు కోసం జైలుకెళ్లినవాడు, ఆ హక్కును అణిచిన సర్కారును వెనకేసుకొచ్చాడు. రావిచెట్టు గారూ, దీనికి కూడా ఫోర్జరీ అంటారా?

రావిచెట్టు: అనను. అక్కడ ఆయన్ని వెనకేసుకురాను. కానీ దానికి 1928ని ఎందుకు కొట్టేయాలి?