తక్కువ ధర గిటార్‌కి బోన్ శాడిల్ (తీగలు ఆనే ఎముక పట్టీ) వేస్తే శబ్దం మారుతుందా?

అందరికీ నమస్కారం. రెండేళ్ల కింద 4,500 రూపాయలు పెట్టి అకౌస్టిక్ గిటార్ కొన్నాను. పైచెక్క ప్లైవుడ్డే, సౌండ్‌హోల్ అంచున పొరలు కనిపిస్తాయి. అయినా మొదటి కార్డ్ నేర్చుకున్నది దీని మీదే, వదులుకోవాలని లేదు.

లావు తీగలు మూడూ అట్టపెట్టె మీద కొట్టినట్టు మొద్దుగా పలుకుతున్నాయి. శ్రుతి సరిచూసుకుని ఓపెన్ జి కార్డ్ వేస్తే బాగానే ఉంటుంది, అదే ఐదో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు పట్టీ) దాటి బార్ కార్డ్ (ఒకే వేలితో తీగలన్నీ అదిమి పట్టేది) పట్టుకుంటే అపశ్రుతి. స్కేలు పెట్టి చూశాను, 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ 4 మి.మీ. ఎత్తులో ఉంది. మెడ మాత్రం తిన్నగానే ఉంది.

మాది విశాఖ, సముద్రపు గాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి. పోయిన నెల ఫాస్ఫర్ బ్రాంజ్ 12 గేజ్ (మందం) తీగలు వేశాను. పది రోజులు శబ్దంలో మెరుపు వచ్చింది, తర్వాత మళ్లీ అదే మొద్దు. తీగలు మార్చేటప్పుడు శాడిల్ బయటికి తీశాను. ప్లాస్టిక్‌ది, అడుగున డొల్ల, గాడిలో అటూ ఇటూ కదులుతోంది! అసలు దోషం ఇక్కడే ఉందని నా అనుమానం.

బోన్ శాడిల్ కొని అడుగు అరగదీద్దామనుకుంటున్నాను. 12వ ఫ్రెట్ దగ్గర 1 మి.మీ. తగ్గాలంటే శాడిల్ 2 మి.మీ. తగ్గాలి కదా, ఇప్పుడు బ్రిడ్జ్ (శాడిల్ కూర్చునే చెక్క) పైన కనిపించేదే 3 మి.మీ. అంత తగ్గిస్తే శాడిల్ మీద తీగ వంపు పోయి శబ్దం ఇంకా నీరసపడుతుందా? ముందు నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) గాడులు సరిచేయించాలా? ప్లైవుడ్ గిటార్‌కి ఇవన్నీ చేసినవాళ్లుంటే, చెవికి తెలిసేంత తేడా వచ్చిందో లేదో దయచేసి చెప్పండి.